పద్నాలుగో బెర్తు పలకను తిప్పనివాని అర్జీ

ఓస్టర్‌నేస్ పడవల రేవు,
సి వంతెన, బెర్తు 15.
ఆగస్టు 21

శ్రీయుత హార్బర్ మాస్టర్ ఓలుఫ్ స్టెన్‌బెక్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సి వంతెన 14వ బెర్తు నివాసి ఆస్గర్ మోన్‌స్టెడ్‌కు మతిమరుపు లేదనియు, ఆయనను రేవు నుండి పంపివేయరాదనియు, తప్పు చేసినవాడను నేననియు విన్నవించుకొనుట గురించి.

పోస్టు శాఖలో ముప్పై ఒక్క సంవత్సరములు ఉత్తరములు బట్వాడా చేసి, ఒక్క కార్డు ముక్కనైనా దాచి ఎరుగని థోగర్ లిండెగోర్ అను నేను, పన్నెండు సంవత్సరములుగా ఈ రేవులో "టెర్నెన్" అను నా పడవలోనే కాపురముంటూ తమకు చేసుకొను మనవి ఏమనగా:

1. ఈ నెల 12వ తేదీన తమ కార్యాలయము నుండి ఆస్గర్‌కు ఒక ఉత్తరము వచ్చినది. "పలక సంగతి పొరుగువారికి చెప్పుట మరచితినని నివాసి స్వయముగా ఒప్పుకొనినందునను, వయస్సు డెబ్బై తొమ్మిది అయినందునను, పడవలో ఒంటరి నివాసము క్షేమము కాదు. అక్టోబరు ఒకటి నాటికి బెర్తు ఖాళీ చేయవలెను" అని అందులో ఉన్నది. రాబోవు మంగళవారం రేవు సంఘం కూర్చుని దీనిని ఖాయం చేయనున్నదని తెలిసినది. ఆస్గర్ ఇల్లు అమ్మేసి పద్నాలుగేళ్ళయింది. "ఎల్లెన్ అత్త" అను ఆ చెక్క పడవ తప్ప తల దాచుకొనుటకు ఆయనకు మరో చోటు లేదు. మంగళవారం లోగా తమరు ఈ అర్జీ చదవకపోతే ఆ పాపం కూడా నా ఖాతాలోనే పడుతుంది.

2. పలక నియమము తమకు తెలిసినదే. అయినను సంఘంలో కొత్తవారున్నారు కనుక వ్రాయుచున్నాను. వంతెనకు పడవ కట్టుకొను చోటైన ప్రతి బెర్తుకు ఒక పలక ఉండును; బెర్తు వాసి పడవ తీసుకొని పోవునప్పుడు తన పలకను ఎరుపు నుండి పచ్చకు తిప్పవలెను. దారిన పోయే పడవలవారు పచ్చ చూసి ఆ చోట కట్టుకుంటారు. అతడు తిరిగి వచ్చే రోజు ఉదయం పక్క పడవవాడు పలకను మళ్ళీ ఎరుపుకు తిప్పవలెను. ఈ రెండో మాట నియమావళిలో ఎక్కడా లేదు. కాని మన వంతెన మీద దాన్ని తప్పినవాడు ఇంతవరకు లేడు. నేనే మొదటివాణ్ణి.

3. ఇక నాకును ఆస్గర్‌కును గల స్నేహము. ఇది అర్జీకి అవసరమా అని తమరు అడగవచ్చును. అవసరమే.

పన్నెండు చలికాలాలుగా ప్రతి ఉదయం ఆస్గర్ తన పడవలోంచి చెయ్యి చాచి నా పడవ పక్కచెక్క మీద మూడుసార్లు కొడతాడు. "ఉన్నావా, పోయావా?" అంటాడు. "నీకు కాఫీ మిగిల్చి పోతానా?" అంటాను నేను. పది గంటలకు కాఫీ. నీళ్ళు గడ్డకట్టిన రోజుల్లో ఇద్దరం ఒక్క పొయ్యి దగ్గరే కూర్చుంటాం, రెండు పొయ్యిలకు కట్టెలు దండగని. ఆస్గర్ పియానోలకు శ్రుతి చేసి బతికిన మనిషి. నా గురక ఏ స్వరంలో ఉందో కూడా చెబుతాడు.

ప్రతి జూన్‌లో ఇద్దరం "ఎల్లెన్ అత్త"లో సామ్సో దీవికి వెళ్ళి కొత్త బంగాళాదుంపలు తెచ్చుకుంటాం. ఈ ఏడు 16వ బెర్తులోకి బోదిల్ వచ్చింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మాట కలుపుగోలు. ఆవిడని కూడా పిలిచాడు ఆస్గర్.

"నువ్వూ రారా, ముగ్గురం పోదాం" అన్నాడు నాతో.

"ఆ పడవలో ముగ్గురికి చోటెక్కడిది?" అన్నాను.

"చోటుందిరా. నీకు మనసే లేదు."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ సాయంత్రం వంతెన వాళ్ళందరం చేపలు కాల్చుకుంటున్న చోట, నేనెందుకు రావడం లేదని బోదిల్ అడిగింది. దానికి ఆస్గర్, "వాడెలా వస్తాడమ్మా? వాడి పడవ కదిలి పదేళ్ళయింది. కింద ఆల్చిప్పలు కాపురం పెట్టాయి, మనవలు కూడా పుట్టారు. ఇప్పుడు వాడు బయల్దేరితే వంతెన కూడా వెంట వస్తుంది" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. తమరు కూడా అక్కడే ఉన్నారు, తమరు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, పడవలోకి వచ్చి, అరవై ఎనిమిదేళ్ళ వాణ్ణి చిన్నపిల్లాడిలా అలిగి పడుకున్నాను.

4. జూన్ 19, గురువారము నాటి వివరము.

ఆస్గర్, బోదిల్ బయలుదేరి అప్పటికి ఎనిమిది రోజులు. ఆస్గర్ తన పలకకు ఒక చీటీ కట్టి వెళ్ళాడు. గురువారం ఉదయం కాఫీ కప్పు పట్టుకొని పలక దగ్గరికి నడిచాను. దాని మీద చెయ్యి కూడా వేశాను. అంతలో ఆల్చిప్పల మనవలు గుర్తొచ్చారు. 'మధ్యాహ్నం తిప్పుదాంలే, కొంపేం మునిగింది' అనుకొని చెయ్యి తీసేశాను. చెయ్యి తీస్తూ తీస్తూ ఆ చీటీని విప్పి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో రెండు నెలలుగా ఆలోచిస్తున్నాను. ఎందుకో నాకు తెలుసు. ఒప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

రెండు గంటలకు పెద్ద తెల్ల పడవలో జర్మన్ దంపతులు వచ్చారు. నడివేసవి పండుగ మంటలకు నాలుగు రోజులే ఉండటం వల్ల రేవంతా నిండిపోయింది, పచ్చ పలక అదొక్కటే. "ఇది ఖాళీయేనా?" అని అడిగిందామె. "పచ్చగా కనబడుతోంది కదా" అన్నాను. అబద్ధం ఆడలేదని అప్పుడు లోలోపల మురిసిపోయాను కూడా. వాళ్ళ మోకు అందుకొని నేనే కట్టాను. ఆ ముడి నాకు నేర్పింది ఆస్గరే.

నాలుగింటికి పడమటి గాలి ఎక్కువైంది. అప్పుడు "ఎల్లెన్ అత్త" వచ్చింది. ముందు భాగాన మోకు పట్టుకొని బోదిల్, చుక్కాని దగ్గర ఆస్గర్. తన చోట తెల్ల పడవను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. "థోగర్, ఏమైందిరా?" అని అరిచాడు. ఆ గాలిలో కూడా నాకు స్పష్టంగా వినబడింది. నేను పడవ లోపలికి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.

రేవులో మూడు చుట్లు తిరిగాడట. ఆగే చోటు లేక చివరికి డీజిలు పోసే గట్టు దగ్గరికి తిప్పాడు. గాలి తోసేసింది. చెక్క విరిగిన చప్పుడు నా గిన్నెల్లోకి కూడా వచ్చింది. నేను బయటికి వచ్చేసరికి పడవ ముక్కు పగిలి ఉంది. గట్టు మీదికి దూకబోయి పడి, మణికట్టు విరిగి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకొని ఆస్గర్ కూర్చొని ఉన్నాడు. పియానో తీగెలు బిగించిన చెయ్యి అది.

5. ఆ రోజు తమరు అడిగినప్పుడు "నేను నిద్రలో ఉన్నాను, ఏమీ చూడలేదు" అని చెప్పియుంటిని. అది అబద్ధము.

6. మరుసటి వారము తమ కార్యాలయములో విచారణ జరిగినది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "తిరిగొచ్చే రోజు ఎవరికైనా చెప్పి వెళ్ళావా?" అని తమరు ఆస్గర్‌ను అడిగారు. ఆస్గర్ నా వైపు ఒక్కసారి చూసి, "లేదు, మర్చిపోయి ఉంటాను. ఈ మధ్య మరుపు ఎక్కువైంది" అన్నాడు. తమరు దాన్ని అక్షరం పొల్లు పోకుండా వ్రాసుకున్నారు. ఆ మాటే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది. "మర్చిపోలేదు" అని తలుపు దగ్గర నుంచి ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. బయటికి వచ్చి, చెయ్యి ఎలా ఉంది అని అడిగాను. "నొప్పి వేసినప్పుడు ఉన్నట్టు తెలుస్తోంది" అన్నాడు.

7. ఆయన మరువలేదనుటకు సాక్ష్యముగా, నేను దొంగిలించిన చీటీని ఈ అర్జీకి జతపరచుచున్నాను. అది ఆస్గర్ చేతివ్రాతయే. "గురువారం సాయంత్రం తిరిగి రాక. ఎరుపుకు తిప్పేది థోగర్, సి-15" అని ఉన్నది, తమరే చదువుకొనవచ్చును. ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ ఇంటింటికీ చేర్చినవాణ్ణి, నా పేరున్న ఒక్క చీటీని చేర్చలేకపోయాను.

8. ప్రమాదం జరిగిన మూడో రోజు బోదిల్ ఒక సంచీ తెచ్చి నా పడవ మీద పెట్టింది. "ఆస్గర్ నీకోసం ఏరాడు. నీకు చిన్నవి ఇష్టమట కదా, ఎండలో కూర్చొని చిన్నవన్నీ వేరుగా ఏరాడు" అంది. సామ్సో దుంపలు. సంచీ వదిలి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. నేను వాటిని వండుకోలేదు, పారెయ్యలేదు. సంచీలోనే మొలకలు వచ్చాయి. దాన్ని దాటుకునే పడవ ఎక్కుతున్నాను, దాటుకునే దిగుతున్నాను.

9. ఆ రోజు నుంచి పొద్దున్నే పక్కచెక్క మీద చప్పుడు లేదు. చెయ్యి కట్టులో ఉందని మొదట సరిపెట్టుకున్నాను. ఆయనకు రెండో చెయ్యి కూడా ఉంది.

కావున తమరు దయయుంచి,

ఆస్గర్ మోన్‌స్టెడ్‌కు పంపిన ఉత్తర్వును రద్దు చేసి, 14వ బెర్తును ఆయనకే ఉంచవలెననియు, ఈ అర్జీని మంగళవారము సంఘములో అందరి ముందు పైకి చదివించవలెననియు, ఆనాడు నవ్విన వారందరూ విను విధముగా చదివించవలెననియు, ఎవరినైనా పంపివేయక తప్పదనుకొంటే నన్ను పంపవలెననియు వేడుకొనుచున్నాను. ఈ ఉదయము నా 15వ బెర్తు పలకను నేనే పచ్చకు తిప్పియున్నాను.

క్షమాపణ కోరుటకు నాకు ముఖము చెల్లదు. జరిగినది జరిగినట్లు మాత్రమే చిత్తగించవలెను.

తమ విధేయుడు, తన పొరుగువానికి కాలేకపోయినవాడు,
థోగర్ లిండెగోర్

జత: చీటీ ఒకటి.

తా.క. ఓలుఫ్, ఇక్కడి నుంచి నీకు మామూలుగానే రాస్తాను, ఇంక ఆ భాష నావల్ల కాదు. కవరు అంటించే ముందు దీన్ని ఆస్గర్‌కి చూపించాలనిపించింది. రెండు నెలల తర్వాత మొదటిసారి వాడి పడవ ఎక్కాను. కళ్ళజోడు పెట్టుకొని మొత్తం చదివాడు. నేను నిలబడే ఉన్నాను.

"నాకు తెలుసురా. చీటీ కట్టింది నేనే కదా" అన్నాడు.

"మరి మర్చిపోయానని ఎందుకు చెప్పావు?"

"నీ పేరు చెబితే నిన్ను పంపించేస్తారు. నువ్వెక్కడికి పోతావురా? నీ పడవ కదలదు కదా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నిజంగానే అన్నాడు. తన చోటు పోతుందని వాడికి అప్పుడు తెలియదు. ఉత్తరం వచ్చాక తెలిసింది. తెలిసి కూడా తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. నా నోటితో నేనే చెబుతానేమోనని ఎదురుచూశాడట.

దిగి నా పడవలోకి వచ్చేశాను. ఇది రాస్తుండగా బయట ఏదో కదిలిన చప్పుడైంది. తొంగి చూస్తే ఆస్గర్, కట్టున్న చేతిని గుండెకు ఆనించుకొని, రెండో చేత్తో నా పలకను ఎరుపుకు తిప్పుతున్నాడు. తిప్పి, నా వైపు చూడకుండానే పక్కచెక్క మీద మూడుసార్లు కొట్టాడు.

"ఉన్నావా, పోయావా?"

వాడికి జవాబు బాకీ ఉన్నాను, ఓలుఫ్. ముందు ఈ కవరు నీ చేతికి ఇస్తాను. ఆ తర్వాత పోయి చెబుతాను. దుంపల్లో మొలకలు తీసేస్తే ఇంకా తినొచ్చని బోదిల్ అంటోంది.