గడప బయట పెట్టేవి

దిల్‌సుఖ్‌నగర్, నవంబర్ 1989, మంగళవారం

మా ఆయన నెత్తురుల హెచ్‌ఐవీ ఉన్నదని తేలింది. "మళ్ల లారీ ఎక్కొచ్చా?" అని గదొక్కటే అడిగిండు. నా దిక్కు చూడలే.

డాక్టరమ్మ నాకు సమజయ్యేటట్టు చెప్పింది. క్రిమి జొచ్చిన కణం, ఆ క్రిమి ముక్కలు తన గడప బయట పెడ్తదట. కావలి కణాలు అవి చూసి, ఆ కణాన్ని చంపుతయట.

"ఇంక భయమేంది?" అన్న.

"కొన్ని కణాలు బయట ఏమీ పెట్టవమ్మా. క్రిమిని లోపల దాచుకుని నిద్రపోతాయి. ఎప్పుడు లేస్తాయో చెప్పలేం."

ఇంటికొస్తే ఓనరమ్మ మా చెత్తకుప్ప కాడ నిలబడ్డది. "గిన్ని సూదిమందు సీసాలేంది? ఎవరికి?" ఆమెకు మా చెత్తతోని ఏం పని! మా ఆయనకు జ్వరమని చెప్పిన. నమ్మిందో, లేదో.

ఇప్పుడే, నెల సంది ఆయనకు పొడిచిన సూదుల సీసాలన్నీ ఏరుకొచ్చి మంచం కింద దాచిన. రేపటి సంది మేము గూడ గడప బయట ఏం పెట్టం.