లక్ష్మణమ్మ రాయించిన పరీక్ష

విశాఖపట్నం
4 జూలై 2016

ప్రియమైన అమ్మమ్మకి,

నాకు మొదటి పెద్ద పని దొరికింది! అదీ మీ కళింగపట్నం మత్స్యకారుల సంఘానికే! వేటకెళ్లిన పడవ వేళకి ఒడ్డు చేరకపోతే ఫోను చేసి చెప్పే యాప్ అది. యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో కంప్యూటరే రోజూ పరీక్ష పెట్టి చూస్తుంది. ఆ పరీక్షలు రాసింది నేనే! తప్పితే ఎరుపు, నెగ్గితే ఆకుపచ్చ. నలభైకి నలభై ఆకుపచ్చే! సంఘం వాళ్లు చదివి ఒప్పుకుంటే ఈ నెలాఖరుకే పడవలకి ఇచ్చేస్తాం. కాగితాలు పంపుతున్నాను, చూపిస్తావా?

నీ అరుణశ్రీ

కళింగపట్నం
8 జూలై

చిరంజీవి అరుణశ్రీకి,

నీ ఉత్తరంలో ఆశ్చర్యార్థకాలు నాలుగు. ఆశ్చర్యం మాత్రం ఒక్కటే: ఆ కాగితాలు నువ్వు మనుషుల కోసం రాశావనుకోవడం. అన్నీ బ్రాకెట్లూ, విరిగిన ఇంగ్లీషూను. సంఘం ప్రెసిడెంటు సూరయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నాది టీచరమ్మా, సంతకం ఎక్కడెట్టాల?" అన్నాడు. కాగితం లాక్కున్నాను. అర్థంకాక పెట్టే సంతకం మీద పడవలు పంపుతారుటే?

ముప్పై ఆరేళ్లు పేపర్లు దిద్దిన
అమ్మమ్మ

విశాఖపట్నం
13 జూలై

ప్రియమైన (జాలిలేని) అమ్మమ్మకి,

ఒకరోజు ఏడ్చాను. మర్నాడు మా ఆఫీసులో సీనియర్ యుగంధర్ గారు ఒక పద్ధతి చూపించారు. మామూలు వాక్యాలు రాస్తే, కంప్యూటర్ వాటినే పరీక్షగా నడుపుతుందట. తెలుగులో కూడా! చూడు:

దాలయ్య పడవ వేటకి వెళ్లింది.
సాయంత్రం నాలుగు దాటినా ఒడ్డుకి రాలేదు.
అప్పుడు దాలయ్య నంబరుకి ఫోను మోగాలి.

ఇదీ ఆకుపచ్చే!

నీ అరుణ

కళింగపట్నం
17 జూలై

బంగారుతల్లీ,

ఒడ్డున చేపలెండబెట్టే ఆడవాళ్లకి చదివి వినిపించాను. దాలయ్య పెళ్లాం లక్ష్మణమ్మ చేతిలో బుట్ట దింపేసింది.

"ఆగండి టీచరమ్మా. నా మొగుడు సముద్రంలో ఉంటే, నువ్వింకా రాలేదురా అని నా మొగుడికే ఫోన్ సేస్తారేటి?"

వాళ్లింట్లో ఉన్నది ఒక్కటే సెల్లు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాలయ్య పడవలోకి పట్టుకుపోతాడు. అందరూ విరగబడి నవ్వారు. అంతలో ఎవరో కిందటేడు పడవ తిరగబడిన గంగులు పేరెత్తారు. అంతే, నవ్వులు ఆగిపోయాయి.

నీ ఆకుపచ్చని కొట్టేశాను. మూడో వాక్యం లక్ష్మణమ్మే చెప్పింది, రాసుకో: అప్పుడు ఒడ్డునున్న మనిషికి ఫోను మోగాలి. ఇంట్లో ఇంకో సెల్లు లేనివాళ్లందరికీ నా నంబరు వెయ్యి. అవునే, ఫోనంటే చిరాకుపడే నేనే.

అమ్మమ్మ

కళింగపట్నం
5 ఆగస్టు

నా అరుణకి,

యాప్ వచ్చిన నాలుగో రోజే, నిన్న నాలుగూ ఐదుకి, నా ఫోను మోగింది! దాలయ్య పడవ. డెబ్భై రెండేళ్ల ఒంట్లో ఇంకా పరుగుందని నాకూ నిన్నే తెలిసింది. సూరయ్య ఇంకో పడవేసుకుని వెళ్లాడు. ఇంజను చచ్చి, దాలయ్య సముద్రం మీదికి కొట్టుకుపోతున్నాడట. రెండు గంటలకి తాడు కట్టి లాక్కొచ్చారు. మనిషి క్షేమం. పెళ్లాం తిట్లకి మాత్రం కాస్త దెబ్బతిన్నాడు.

లక్ష్మణమ్మ ఇంకో పరీక్ష చెప్పింది. ఆ రెండు గంటలూ ఇసకలో నా చెయ్యి వదలకుండా నిలబడ్డ మనిషి మాట ఇది, ఒక్క అక్షరం దిద్దకుండా రాస్తున్నాను:

"పడవ ఒడ్డుకొచ్చీసినాక ఆ ఫోను మళ్లీ మోగాల. వచ్చీసినాడని సెప్పాల."

ఇది నీ నలభైలో లేదు. ఆకుపచ్చ చేసి పంపు. నూటికి నూరూ అప్పుడు వేస్తాను.

మీ అమ్మమ్మ