బానెట్ మీద బెల్టు

బావగారికి,

నా అద్దాల బీరువాలోకి నిన్న నలభై ఒకటో బొమ్మ కారు వచ్చింది. నాన్న మెకానిక్‌గా ఉన్నప్పుడు రేసు గెలిచిన కారుకి అచ్చుగుద్దినట్టుండే నమూనా. ఆనాటి ఫొటోలు చూసి చేశారట.

బానెట్ గొళ్లెం విరిగితే తన నడుం బెల్టు కట్టి ఆ కారుని రేసుకి పంపానని నాన్న చెప్పినప్పుడల్లా, "కోతలు కొయ్యకండి మామయ్యా!" అని అందరి ముందూ నవ్వేవారు మీరు. నిజమైతే మీసం తీయించుకుంటానని పందెం కూడా కాశారు.

వేలెడంత కారు మీద గోధుమరంగు బెల్టుంది బావగారూ, బకిల్‌తో సహా! నాన్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "నేను మూడో చిల్లులోనే పెట్టాను. వీళ్లూ అక్కడే పెట్టారు" అన్నారు.

ఆదివారం కారు తీసుకుని వస్తున్నాం. వేడినీళ్లు సిద్ధంగా ఉంచమని అక్కతో చెప్పండి. రేజరు నాన్నే తెస్తారట.

మీ బావమరిది