వ్యాను అడుగు రేకు, అమావాస్య ఉప్పు

సూర్యాపేట,
తేది: 22-11-1999.

మోటారు వాహనాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
సూర్యాపేట ధాన్యం వ్యాపారి లక్ష్మీనర్సయ్య, తండ్రి కీ.శే. భిక్షపతి, వ్రాసికొను అర్జీ.

అయ్యా,

విషయం: పదిహేనేండ్లు నిండిన మా కుటుంబ వ్యానుకు రిజిస్ట్రేషను పొడిగింపు నిరాకరించు కాగితంలో ఒక్క వాక్యం మార్చుట గురించి.

ఈ నెల 15వ తేదీన తమరు మా వ్యానును తనిఖీ చేసి, రోడ్డు మీద తిరుగుటకు పనికిరాదని తేల్చినారు. ఆ సందర్భమున నేను తెలియజేసుకొనునది ఏమనగా:

1. సదరు వ్యాను బయటికి చూచుటకు బాగానే ఉండును. ఈ ఉగాదికి ముందే రంగు వేయించినాము. పైన పటారం లోన లొటారం అని మా గుమాస్తాలు అనుకొనుచుండగా విని కూడా విననట్లు ఊరుకున్నాను. తమరు సైడు డోరు కింది అంచున స్క్రూడ్రైవరు పెట్టగా అది పిడి వరకు లోనికి పోయినది. తమరు బలం ప్రయోగించలేదని, ఊరికే ఆనించినారని మా డ్రైవరు గేమ్యా చెప్పినాడు. కావున ఆ రంధ్రం విషయమై నాకు తమరి మీద ఎట్టి ఫిర్యాదు లేదు.

2. తమరు నిరాకరించకముందే వ్యాను తనంతట తాను కొంత నిరాకరించియున్నది. మొన్న ఆగస్టులో కోదాడ పెండ్లికి పోవుచుండగా, మునగాల దాటిన తర్వాత నడిమి సీటు ఒక పక్కకు దిగినది. నా భార్య అలివేలు తన కాళ్లకు గాలి తగులుచున్నదని చెప్పినది. కిటికీ మూయుమని నేను సలహా ఇచ్చితిని. కొంతసేపటికి ఆమె ఎడమకాలి చెప్పు అడుగు రేకులో నుండి జారి రోడ్డు మీద మిగిలిపోయినది. వెనుక వచ్చు లారీవాడు అదేపనిగా హారను కొట్టుట వలన మాకు తెలిసినది. అక్కడి నుండి కోదాడ వరకు ఆమె రెండు కాళ్లు పైకి ముడుచుకొని కూర్చున్నది. పెండ్లి పందిరి ముందు అందరూ రెండేసి చెప్పులు విడువగా ఆమె ఒక్కటే విడిచినది.

3. ఆ దినమే వ్యానును కోదాడలో టింకరింగ్ చేయు ఏసుపాదం వద్దకు తీసుకొనిపోయినాము. అతడు కిందికి దూరి, మీసాల నిండా తుప్పుతో బయటికి వచ్చినాడు. అక్కడక్కడ రేకు అతికి ఇమ్మని అడిగితిని.

“అతకాలంటే దేనికో ఒకదానికి అతకాలి కదండీ. ఇక్కడ రేకు లేదు, మీరేయించిన రంగే ఉందండి” అని అతడు అన్నాడు.

ఇది తుమ్మితే ఊడే ముక్కని, కాబట్టి లోపల కూర్చున్నవారు తుమ్మకుండా ఉంటే మేలని కూడా అన్నాడు. చివరకు రెండు నూనె డబ్బాలు కోసి పరిచి, పైన రబ్బరు చాప వేసి పంపినాడు. సీటు కింద గడ్డకట్టిన ఉప్పును చూపి, రేకును తిన్నది ఇదేనని, ముందు దీనిని తీసివేయుమని చెప్పబోగా, పెండ్లికి మాతో వచ్చిన మా అమ్మ బయట కుర్చీలో కూర్చున్నందున, మెల్లగా మాట్లాడుమని నేను అతని చేయి పట్టుకున్నాను. ఉప్పును తీసివేయలేదు. కారణం దిగువ 5లో మనవి చేసుకొంటిని.

4. పదిహేనవ తేదీన తమరు కూడా సీటు ఎత్తించి ఆ ఉప్పును, దాని మీదనున్న నల్లగుడ్డ మూటను కనుగొన్నారు. ఒక రవ్వ నోట వేసుకొని ఉప్పేనని నిర్ధారించుకున్నారు. మూటను సాక్ష్యంగా ఫైలుకు దారంతో కట్టించినారు. “యజమాని కుటుంబీకులు సీటు కింద ఉప్పు నిల్వ చేయుట వలన అడుగు రేకు నాశనమైనది” అని వ్రాయనున్నట్లు గేమ్యాకు చెప్పి, కాగితం పోస్టులో ఇంటికి వచ్చునని పంపివేసినారు.

5. మా నాయన భిక్షపతి గారు 1983లో వడ్లు చూచుటకు కిరాయి జీపులో మిర్యాలగూడ పోయినారు. దారిలో జీపు లారీకి తగిలినది. ఆయన తిరిగి రాలేదు. కబురు పొద్దున్నే వచ్చినను, సాయంత్రం శవం వచ్చువరకు మా అమ్మ ఆండాళమ్మకు నేను చెప్పలేకపోయినాను. కాలు విరిగినదని, దవాఖానలో ఉన్నాడని చెప్పితిని. అప్పటి నుండి ఇంటికి వచ్చిన ఏ కాగితమైనా సరే ఆమె ఎవరిచేతనైనా చదివించుకొనక విడువదు. నా మాటను మాత్రం ఆధారంగా స్వీకరించదు.

మరుసటి ఏడు ఈ వ్యాను కొన్నాము. ఉప్పుతో దిష్టి తీయక వ్యాను గడప దాటరాదని అమ్మ చెప్పినది. ప్రతి అమావాస్యకు గుప్పెడు గల్లుప్పు మూడుసార్లు వ్యాను చుట్టూ తిప్పును. దిష్టి తీసిన ఉప్పును నాలుగు దారులు కలియు చోట పారవేయుట లోకాచారం. కాని మాది దుకాణం ఇల్లు. ఉప్పు లక్ష్మి, దానిని పదిమంది తొక్కు చోట వేయరాదు. ఈ రెండు ఆచారాలకు పొత్తు కుదరనందున, ఆమె పాత ఉప్పును సీటు కింద పోసి, కొత్త ఉప్పును మూట కట్టి దాని మీద పెట్టుచు వచ్చినది. పదిహేనేండ్లలో ఒక్క అమావాస్య కూడా తప్పలేదు.

వానాకాలం ఆ ఉప్పు నీరై చాప కిందికి పారుట నేను చూచితిని. చూచి ఊరుకున్నాను. వ్యాను ఊరు దాటి తిరిగి వచ్చువరకు మా అమ్మ అన్నం ముట్టదు. ఉప్పు పెట్టిన ధైర్యంతో మంచినీళ్లు మాత్రం తాగును. ఆ ధైర్యాన్ని ఎత్తి బయట పోయుటకు నాకు చేతులు రాలేదు.

6. తమరి కాగితం ఇంటికి వచ్చును. ఆమె చదివించుకొనును. మమ్ములను కాపాడుటకని తాను పెట్టినదే కోడలి కాళ్ల కింద రేకును తిన్నదని ఆమెకు తెలియును. ఆమెకు డెబ్బై నాలుగేండ్లు. పదహారేండ్ల కిందట ఆమెకు ఒక అబద్ధం చెప్పి నేను నేటికీ బాధపడుచున్నాను. ఈసారి ఆ పని ప్రభుత్వం వారు చేసిపెట్టవలెనని నా ప్రార్థన.

కనుక ఉప్పు మాట తీసివేసి, “వాహనం వయసు మీరినందున” అని వ్రాయించవలెను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పొడిగింపు నేను కోరుటలేదు. వ్యానును పాత ఇనుము వారికి ఇచ్చివేసెదను. వారైనా ఇందులో ఇనుము ఎక్కడున్నదని అడిగిన పక్షమున, ఆ సంగతి వేరే మాట్లాడుకొనెదను.

ముసలి ప్రాణం మీద దయయుంచి, ఆ ఒక్క వాక్యం విషయమై నా మొర చిత్తగించవలెను.

ఎల్లప్పుడు తమ విధేయుడు,
లక్ష్మీనర్సయ్య.

తా.క.: నేను అలివేలును. ఈ అర్జీని పోస్టులో వేయుమని ఆయన గేమ్యాకు ఇచ్చి పంపినారు. ఇంట్లో నుండి పోయే కాగితం కూడా కాగితమే కదా అని మా అత్తగారు గేమ్యాను వాకిట్లోనే ఆపి, కవరు విప్పించి, నాతో చదివించుకున్నారు. మొదటి నుండి చివరి వరకు కదలకుండా విన్నారు. నా చెప్పు దగ్గర నవ్వినారు కూడా. తర్వాత, తాను చెప్పేది చెప్పినట్టు కింద రాయమన్నారు. రాస్తున్నాను.

“సారు, నేను ఆండాళును. ఉప్పే అని రాయుండ్రి. మార్చకుండ్రి. ఉప్పు ఇనుమును తింటదని దుకాణపోల్లకు ఎరుక లేకుంట ఉంటదా? ఉప్పు జోకే తరాజు పళ్లెం మేం ఏడాదికొక్కటి మారుస్తం. ఎరికుండే పెట్టిన. రేకు పోతే ఇంకో రేకు వస్తది. పదిహేనేండ్లు ఆ బండిల పోయినోల్లు పోయినట్టే తిరిగొచ్చిండ్రు. మా మీద పడేది దాని మీద పడ్డది.

కాలిరిగిందని నా కొడుకు చెప్పిన దినమే నాకు సమజైంది సారు. ఏడ్వకుంట చెప్పనీకె వాడు పడే తిప్పల సూసి, నమ్మినట్టే ఉన్న. గా ముచ్చట వానికి ఇప్పటిదాక చెప్పలే. మీరు గూడ చెప్పకుండ్రి.

నాది ఒక్కటే తప్పు. దిష్టి తీసిన ఉప్పు పారేయక దాసుకున్న. ఇప్పుడది మీ ఫైలుల ఉన్నదట. మీరు నోట్ల గూడ ఏసుకున్నరట. గట్ల చేస్తరా బిడ్డా, ఇంట్ల పిల్లలుంటరు. మా ఇంటి దిష్టి పదిహేనేండ్లది అంత అండ్లనే ఉన్నది. గా మూట ఇయ్యాల్నే తీస్కపోయి నాలుగు తొవ్వల కాడ పారేయుండ్రి. లక్ష్మి అని సూడకుండ్రి. పారేసినంక ఎనుకకు మర్రి సూడకుంట పోయి, కాళ్లు కడుక్కోని ఇంట్లకు పోండ్రి.”