మెడ మీది నలుపు

జూలై 3
అత్తయ్య స్నానాలగదిలో నా కూతురు చిన్నిని నిలబెట్టి మెడ వెనక బీరపీచుతో రుద్దుతోంది. తోలు ఊడేలా. పిల్ల ఏడుపు వీధిలోకి వినబడుతోంది.
“ఏటే ఈ మట్టి, ఒదల్దు! గుంటకి సరిగ్గా నీళ్లొయ్యవేటి?” అని నా మీద.
పీచు లాక్కుని బయటికి విసిరాను. పదకొండేళ్ల పిల్ల. మెడ కందిపోయింది. నలుపు మాత్రం అలాగే...

జూలై 5
ఆసుపత్రి. డాక్టరమ్మ మెడ చూసింది, బరువు చూసింది, రక్తం తీయించింది.
“మురికి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదు. షుగర్ ఇంకా రాలేదు. ఇలాగే తింటే వస్తుంది.”
ఏం తింటుందని అడిగింది. చెప్పాను. పొద్దున కార్న్‌ఫ్లేక్స్. బడికి నూడుల్స్. సాయంత్రం చిప్స్, అట్టడబ్బా జ్యూస్. రాత్రి సాసేజ్ వేపితేగాని ముద్ద దిగదు. 
“మీవాళ్లు సముద్రం మీద చేపలు పట్టి బతికినవాళ్లే కదా?” అంది.
ఒళ్లు మండింది. న్యాయంగా అడిగింది, అందుకే ఇంకా మండింది.

జూలై 6
అలమర ఖాళీ చేశాను. జ్యూస్ డబ్బా మీద మామిడిపళ్ల బొమ్మ. వెనక సన్నటి అక్షరాలు చదివితే ముందు నీళ్లు, తర్వాత చక్కెర. చదవడం వచ్చి కూడా ఇన్నాళ్లూ...

జూలై 8
అత్తయ్య అన్నం ముట్టలేదు. మునగాకు పప్పు, అరటికాయ వేపుడు, సూరచేపల పులుసు. చిన్నికి అదే పెట్టానని అలక.
“మేవు చోడంబలి తాగి బతికినాం. నా మనవరాలు కూడా అదే తాగాలేటి? మరి నా కొడుకు ఉజ్జోగం ఎందుకే?”
 గిన్నెలు గట్టిగా తోమాను.

జూలై 11
బడి నుంచి డబ్బా నిండుగా తిరిగొచ్చింది. మూత తీయగానే పక్క పిల్ల ముక్కు మూసుకుందట. “మచ్లీ కీ బద్బూ” అని అందరూ నవ్వారట.
దీవి చుట్టూ సముద్రం. చేప వాసనట!
“రేపు కూడా తినను. ఖాలీ పేట్ రహూంగీ” అంది నా కూతురు. కడుపు ఖాళీగానే ఉంచుకుంటుందట, అదీ బడి హిందీలో. చల్లారిన ఆ అన్నం గుమ్మంలో కూర్చుని నేనే తిన్నాను. ఒక్కో మెతుకూ కోపంతో.

జూలై 14
పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడ వచ్చింది. ఓడ వంటగదిలో వండే మనిషి, మా ఆయన, భుజాన అట్టపెట్టెతో దిగాడు. ఎప్పటిలాగే. సాసేజ్‌లు, కోలా, రొట్టెకి రాసే చాక్లెట్. చిన్ని గంతులు.
పెట్టె తీసుకెళ్లి వానలో పెట్టాను.
“పాగల్ హో గయీ క్యా?” పిచ్చెక్కిందా అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి — “చిన్నప్పుడు బిస్కెట్ ముక్క కోసం జెట్టీలో టూరిస్టుల వెనక తిరిగాను. నా బిడ్డ అలా ఎవరి చేతి కేసీ చూడకూడదు.”
“చూడదు. ఇంజెక్షన్ పట్టుకున్న నర్సు చేతి కేసి చూస్తుంది.”
చిన్ని జడ పక్కకి తీసి మెడ చూపించాను. ఫోన్‌లో అన్నీ చెప్పాను కదా... విన్నాడంతే. ఇప్పుడు చూశాడు.

జూలై 15
అట్టపెట్టె బయటే నానుతోంది. వాన.

జూలై 17
తెల్లారకుండానే చిన్నిని జెట్టీకి తీసుకెళ్లాడు. ఇద్దరూ తడిసి ముద్దయి తిరిగొచ్చారు, చేతిలో చేపలు. ఇంట్లో ఎప్పుడూ గరిటె పట్టని మనిషి తనే తోమాడు, మిరియాలపొడి, పసుపు రాసి పెనం మీద కాల్చాడు. చిన్ని ముళ్లు తీసుకుంటూ తింది. అత్తయ్య కూడా.
నేను సంతోషించాలి. నాకు కోపం వచ్చింది. ఇన్ని రోజులు యుద్ధం నాది. వచ్చి ఒక్క పూటలో గెలిచిపోయాడు.

జూలై 18
మధ్యాహ్నం ఓడ వెళ్లిపోయింది. సాయంత్రం చిన్ని రెయిన్‌కోటు ఆరేస్తుంటే జేబులో సగం తిన్న చాక్లెట్.
“నాన్న ఇచ్చారు. నీకు చెప్పొద్దన్నారు.”
ఫోన్ చేశాను. కలవడం లేదు. ఇంకోసారి. సముద్రం మీద ఎక్కడో ఉన్నాడు, హాయిగా, ఎవరికో వండుతూ.
చిన్ని నా కొంగు పట్టుకుంది.
“నాన్నని తిట్టకమ్మా. మళ్లీ రారేమో.”
చాక్లెట్ నా చేతిలో కరిగిపోతోంది. పిల్ల నా మొహంలోకే చూస్తోంది...