ఇల్మరి బతికే ఉన్నాడు

తుర్కు,
12 డిసెంబరు 1944.

ప్రియమైన అమ్మకు ఆర్వో నమస్కరించి రాయునది. నేను కులాసా. అక్కడ నువ్వూ, చెల్లీ, హిల్యా పిన్నీ చలికి తట్టుకుని ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాతి సంగతి మొదలెడితే నా చెయ్యి ఆగదు. మేజోళ్లు సరిపోయాయి. ఎడమ చెవిలో హోరు తగ్గలేదు, కానీ పత్రికాఫీసులో అచ్చుయంత్రాల మోతకు అదొక లెక్క కాదు. కాఫీ అని ఇక్కడా మాడిన రై గింజల నీళ్లే తాగుతున్నాం.

ఇప్పుడు కూర్చో అమ్మా. పిన్ని కొడుకు ఇల్మరి బతికే ఉన్నాడు. నిన్న నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

రష్యా నుంచి వదిలిపెట్టిన ఖైదీల గురించి రాసుకు రమ్మని మా సంపాదకుడు నన్ను హాంకో రేవులోని శిబిరానికి పంపాడు. వైద్య పరీక్షలు పూర్తయ్యేదాకా వాళ్లను ముళ్లకంచె లోపలే ఉంచారు. నేను లోపలికి వెళ్లి పేర్లు రాసుకుంటుంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

"ఏరా, చెవుడొచ్చిందా? మూడుసార్లు పిలిచాను."

సగానికి సగం చిక్కిపోయాడు. కుడికాలు ఈడుస్తున్నాడు. నవ్వు మాత్రం వాడిదే. కాగితాలు మంచులో పడేసి వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడే వాటిని ఏరి నాకిచ్చాడు.

అమ్మా, ఇక దాచలేను. జూన్‌లో యుద్ధరంగం నుంచి మా దళం వెనక్కి తగ్గినప్పుడు ఇల్మరి చనిపోవడం కళ్లారా చూశానని పిన్నికి రాశాను. ఆ మాట నమ్మే ఆవిడ చర్చిలో వాడికి ప్రార్థన చేయించింది. నేనేమీ చూడలేదు. కాలువ దగ్గర వాడు పడ్డాడు, నేను వాణ్ణి వదిలేసి పరిగెత్తాను. ఈ సంగతి నిన్న వాడి ముందు ఒప్పుకున్నాను.

"నిన్ను పిలిచాను. విన్నావా?" అని అడిగాడు.

"విన్నాను."

నేనిచ్చిన రొట్టె కొరికి నమిలాడు. తర్వాత, "మా అమ్మకి నువ్వే చెప్పు. నీ బదులు నేను అబద్ధం ఆడను," అన్నాడు.

ఈ రోజు అంతా ఉన్నదున్నట్టు రాసి సంపాదకుడికి ఇచ్చాను. నా పేరు తీసేయమంటావా అని అడిగాడు. వద్దన్నాను. శనివారం అచ్చవుతుంది. అదే రోజు వాణ్ణి వదులుతున్నారు. ఆదివారం మధ్యాహ్నం బండికి ఇద్దరం మన లోయిమాలో దిగుతాం.

ఈ ఉత్తరం అందగానే పిన్ని దగ్గరికి వెళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని, ముందు కొడుకు వస్తున్నాడని చెప్పు. తర్వాత నేను చేసింది నా మాటల్లోనే ఈ ఉత్తరం చదివి వినిపించు, ఆవిడ పత్రిక చూసి తెలుసుకోకూడదు. నా ముఖం చూసి వినాలనుకుంటే మళ్లీ మొదటినుంచి చెబుతాను.

స్టేషన్లో ముందు వాణ్ణి దిగనిస్తాను. నేను పెట్టెలు పట్టుకుని బండి దగ్గరే నిలబడతాను. పిన్ని రమ్మంటే వస్తాను.

ఇట్లు
నీ కొడుకు,
ఆర్వో