పొద్దుటి రింగు

లోకమంతా వెతికిపెట్టే కంపెనీ అయ్యలకు,

ఇస్త్రీ బండి ముసలిదాన్ని చెప్పి రాయిస్తున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. రాసేది కింది వాటా దర్జీ. ఏది ఎక్కడుందో వెతికి చెప్పడమే మీ వృత్తి అట. మరి నా ఫోన్లో ఉన్న మా అక్కను ఎందుకు పోగొట్టారు?

మీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలైందట. నన్నడక్కుండానే నా ఫోన్లో దూరింది. నేను పేర్లు చదవలేను, చోటే గుర్తు. పై వరసలో చివరి బొమ్మ మా అక్క. పొద్దున్నే అక్కడ నొక్కితే అంబులెన్సు వచ్చింది. రోగి ఎవరని అడిగితే మీ కంపెనీ అని చెప్పి పంపాను.

అక్కకూ నాకూ మాటల్లేవు. గొడవ దేనికో ఇద్దరికీ గుర్తులేదు. ముందు ఎవరు మాట్లాడాలన్న పంతం మాత్రం మిగిలింది. అందుకని పొద్దున్నే ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తాను. అదీ ఒక్క రింగు ఇస్తుంది. బతికే ఉన్నానని అర్థం. ఇద్దరం ఒంటికాయ శొంఠికొమ్ములం. ఆ రింగు లేకపోతే ఎవరు పోయినా రెండోవాళ్లకు తెలిసే దారి లేదు.

మా అక్కను దాని చోట పెట్టండి.

ఇట్లు,
వేలిముద్ర.

తా.క. "వెధవల్లారా" అని మొదలుపెట్టమంటే దర్జీ "అయ్యలకు" అని కుట్టాడు. సరిచేసి చదువుకోండి.

•

గౌరవనీయులైన వినియోగదారుకు,

మా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆదరించినందుకు కృతజ్ఞతలు. మీ అక్కగారిని పూర్వస్థానంలో ఉంచాము. మీ కాల్స్ రోజూ మాట్లాడకముందే తెగిపోతున్నట్టు గమనించి విచారిస్తున్నాము. ఇకపై వారు ఎత్తేవరకు మా సిస్టమే మళ్లీ మళ్లీ కాల్ చేస్తుంది.

భవదీయులు,
వినియోగదారుల సేవా విభాగం.

తా.క. ఆత్మీయులతో మాట్లాడటం ఆరోగ్యానికి మంచిది.

•

నా కొంప ముంచిన మహానుభావులకు,

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నిన్న నా ఫోన్ మా అక్కకు వదలకుండా రింగులిచ్చింది. చివరికి విసుగెత్తి అది ఎత్తింది. అటునుంచి దగ్గు వినిపించింది. దాని పాత దగ్గు కాదు, లోతుగా ఉంది. ఏమైందే అని నోటిదాకా వచ్చింది. పంతం అడ్డొచ్చింది. పెట్టేశాను.

ఇప్పుడది నేనే కాళ్లబేరానికి వచ్చాననుకుంటుంది. ఒక్క రింగు. ఒక్కటంటే ఒక్కటే.

ఇట్లు,
అదే వేలు.

తా.క. ఆత్మీయులని ఎవర్నన్నారు? అది మా అక్క.

•

గౌరవనీయులైన వినియోగదారుకు,

సమస్య పరిష్కారమైంది. మీ అలవాటును మా సిస్టమ్ నేర్చుకుంది. ఇకపై మీరు నొక్కనక్కర్లేదు. మీరు లేచినా లేవకున్నా, వేళకు అదే ఒక్క రింగు ఇచ్చి ఆపుతుంది. మీ అక్కగారిదీ మా సిస్టమే కనుక, వారి ఫోన్లోనూ ఈ సౌకర్యం ఉచితంగా కల్పించాము.

భవదీయులు,
వినియోగదారుల సేవా విభాగం.

తా.క. తర్వాతి వెర్షన్‌లో మీ తరఫున మాట్లాడే సదుపాయం కూడా వస్తుంది.

•

వెతుకుడు కంపెనీకి,

మీ సౌకర్యం బాగా పనిచేసింది. పొద్దున్నే ఠంచనుగా అక్క రింగు వచ్చేది. ఆ ఠంచనే నాకు నచ్చలేదు. మా అక్క బుద్ధెరిగాక వేళకు లేచిన మనిషి కాదు. బండి మూసి, రెండు బస్సులు మారి వెళ్లాను.

గది ఖాళీ. మంచం గోడకు నిలబెట్టి ఉంది. కిటికీలో చార్జర్‌కు వేలాడుతూ ఫోన్ ఉంది. ఆ దగ్గుతోనే పోయిందట. సాగనంపడం కూడా ఎప్పుడో అయిపోయింది. నాకు కబురు పెట్టలేదేమయ్యా అని ఇంటి ఓనరును నిలదీశాను.

"అటూ ఇటూ రోజూ రింగులు పోతూనే ఉన్నాయి కదమ్మా! తెలిసీ రాలేదనుకున్నా. చెల్లెలిది ఎంత రాతిగుండె అనుకున్నా" అన్నాడు.

దాని ఫోన్ అడిగి తెచ్చుకున్నాను. ఇస్త్రీ బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టాను. పొద్దున్నే ఇది దానికి, అది దీనికి, బతికే ఉన్నామని చెప్పుకుంటున్నాయి. ఆపెయ్యమని రాయిద్దామనే దర్జీని పిలిచాను. వద్దు, ఆపకండి.

ఇవాళ రింగు ఆగకముందే ఎత్తి "అక్కా" అన్నాను. పంతం అదే గెలిచింది.

ఇట్లు,
చెల్లెలు.

తా.క. మాట్లాడే సదుపాయం వచ్చినప్పుడు దానికి తిట్లు నేర్పండి. తియ్యగా మాట్లాడిందంటే మా అక్క కాదని తెలిసిపోతుంది.